గర్భంలో షుగరు ఉంటే బిడ్డ పాలపళ్ళకు పడుతుందా? మా పాప ముందు పళ్ళ గురించి

మగ్గం వీధి కోడలు (బరంపురం) – సోమవారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడి పచ్చళ్ళ చర్చలు చదివి వెళ్ళిపోవడమే తప్ప ఏమీ రాయలేదు. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

మా పాపకు ఏడాదీ ఎనిమిది నెలలు. పై వరుసలో మధ్య పళ్ళు రెండూ చిగురు దగ్గర పసుపుపచ్చగా ఉన్నాయి. గోరు తగిలితే గరుకుగా తెలుస్తుంది. ఒకదాని మీద ఆవగింజంత గుంట కూడా ఉంది. కింది పళ్ళు మాత్రం మల్లెమొగ్గల్లా ఉన్నాయి.

పాప కడుపులో ఉండగా ఏడో నెలలో నాకు షుగరు బయటపడింది. గ్లూకోజు తాగించి రెండు గంటలకు తీసిన రక్తంలో 168 చూపించింది. ముందు తిండి మార్చారు, తరువాత మాత్రలు ఇచ్చారు. 37 వారాలు నిండగానే కాన్పు అయింది. పాప బరువు 3 కిలోల 900 గ్రాములు. పుట్టిన గంటకే ఒంట్లో షుగరు పడిపోయిందని రెండు రోజులు శిశువుల గదిలో ఉంచి సెలైను పెట్టారు.

సంక్రాంతికి వచ్చిన మా పెద్దత్తగారు పాప నవ్వగానే నోరు తెరిపించి చూశారు. "నీ షుగరే దీని పళ్ళకు పట్టింది" అన్నారు, పది మందిలో. అంతకు ముందు పై పళ్ళు ముందుగా వచ్చాయని, మేనమామకు గండమని మా తమ్ముడిని పిలిపించి ఏదో పూజ చేయించారు. అది అయింది, ఇప్పుడు షుగరు వంతు. ఆవిడ మాట నిజమేనా? నిజమైతే నిజమనే చెప్పండి. ఓదార్పు మాటలు ఇంట్లోవాళ్ళు చెబుతున్నారు.

జయపురం బాబాయి (కొరాపుట్ జిల్లా) – సోమవారం, రాత్రి 10:05

అమ్మాయీ, కంగారు పడకు. మా అమ్మ తొమ్మిది మందిని కన్నది. ఆవిడకు గ్లూకోజు తాగించినవాళ్ళు లేరు, రక్తం తీసినవాళ్ళు లేరు. మా తొమ్మిది మందికీ చెరుకు గడలు కొరికే పళ్ళు. షుగరు ఉండేది రక్తంలో, పన్ను రాయిలాంటిది. రెండింటికీ ఏమిటి సంబంధం? ఈ మధ్య ప్రతి దానికీ కడుపులో ఉన్నప్పటి కారణం వెతకడం అలవాటైపోయింది.

నన్నడిగితే పాలసీసా సంగతి చూడు. రాత్రి సీసా నోట్లో పెట్టుకునే నిద్రపోతుందా?

చోడి అంబలి (పర్లాకిమిడి) – సోమవారం, రాత్రి 10:31

చెల్లీ, నాకు రెండు కాన్పుల్లోనూ షుగరే. మొదటిసారి ఇన్సులిను దాకా వెళ్ళింది. ఆ పిల్లవాడికి ఇప్పుడు ఆరేళ్ళు, పళ్ళకు ఒక్క మచ్చ లేదు. రెండోసారి తిండితోనే అదుపులో ఉంది. దానికేమో వెనక పళ్ళు పుచ్చిపోయాయి. కాబట్టి షుగరు ఉన్న ప్రతి తల్లి బిడ్డకూ ఇలాగే అవుతుందని అనుకోకు. మీ పెద్దత్తగారితో నా పేరు చెప్పి ఇదే మాట అను.

జయపురం బాబాయి గారూ, తొమ్మిది మంది పళ్ళూ బాగున్నాయంటే బతికిన తొమ్మిది మందివి. ఆ రోజుల్లో కాన్పు గదిలోనే పోయిన పిల్లల పళ్ళు ఎవరు చూశారు? మా నాయనమ్మ చెప్పేది, "పెద్ద బిడ్డ, ముద్దుగా ఉన్నాడు, మూడో రోజు ఉన్నట్టుండి నీలం తిరిగిపోయాడు" అని. కారణం ఏమిటో వాళ్ళకు తెలియదు.

గుణుపురం మాస్టారు (రాయగడ జిల్లా) – మంగళవారం, ఉదయం 6:10

ముప్పై ఏళ్ళు జీవశాస్త్రం చెప్పి రిటైరైనవాడిని. పన్ను రాయిలాంటిది అన్నారు జయపురం వారు. పంటి పైపూత అయిన ఎనామిల్‌లో సుమారు 96 శాతం ఖనిజమే కాబట్టి రాయి అన్నా తప్పు లేదు. అయితే ఆ రాయిని బతికున్న కణాలు పోస్తాయి. వాటి పేరు అమిలోబ్లాస్టులు. రోజుకు సుమారు 4 మైక్రాన్ల మందాన పొర మీద పొర వేసుకుంటూ పోతాయి. పని పూర్తయి పన్ను బయటికి రాగానే ఆ కణాలు రాలిపోతాయి. ఎముక విరిగితే అతుక్కుంటుంది, చర్మం తెగితే మానుతుంది. ఎనామిల్‌కు ఆ అదృష్టం లేదు. పోసినప్పుడు ఏమి జరిగిందో అదే దాని మీద మిగులుతుంది.

మరొకటి. పాలపళ్ళు పుట్టాక మొలుస్తాయి కాబట్టి పుట్టాకే తయారవుతాయని మా క్లాసులో పిల్లలందరూ రాసేవారు. గర్భం ఆరో వారంలోనే దవడలో పంటి మొగ్గలకు పునాది పడుతుంది. సుమారు 14వ వారంలో ముందు పళ్ళకు ఖనిజం చేరడం మొదలవుతుంది. అంటే నాలుగో నెల. చాలామంది తల్లులకు అప్పటికి పొట్ట కూడా కనిపించదు.

మేనమామ గండం గురించి ఒక మాట. నాకు ఆరుగురు మేనల్లుళ్ళు, మేనకోడళ్ళు. ఇద్దరికి పై పళ్ళే ముందు వచ్చాయి. నౌపడా నుంచి మా ఊరికి వచ్చే చిన్న రైలు రోజుల నుంచీ ఉన్నాను, ఇప్పుడు పెద్ద రైలూ ఎక్కుతున్నాను.

సిరొంచ గోదావరి (గడ్చిరోలి జిల్లా) – మంగళవారం, ఉదయం 8:20

ఇటు మహారాష్ట్ర వైపు నుంచి రాస్తున్నాను. మా పక్క చంద్రపూర్ జిల్లాలో, అటు నల్గొండలో ఫ్లోరిన్ నీళ్ళతో పళ్ళు గారపట్టి పసుపు రంగులోకి మారడం మా అందరికీ తెలిసినదే. మీది బోరు నీళ్ళా, మున్సిపాలిటీ నీళ్ళా? ముందు అది తేల్చుకోండి. ఊరికే షుగరు మీద పడటం ఎందుకు?

పాలపళ్ళ డాక్టరమ్మ – మంగళవారం, మధ్యాహ్నం 2:15

పిల్లల పళ్ళ వైద్యం నా వృత్తి. పన్నును చూడకుండా జబ్బు పేరు చెప్పను. కానీ కోడలు గారు రాసినదాంట్లో "చిగురు దగ్గర" అన్న రెండు మాటల దగ్గర ఆగాను.

పన్ను మొక్కలా చిగురులోంచి పెరుగుతూ వస్తుందని అనుకుంటాం. కాదు. మనకు కనిపించే భాగమంతా దవడ ఎముకలోనే తయారై, తరువాత బయటికి వస్తుంది. కొరికే అంచు ముందు తయారవుతుంది, చిగురు వైపు భాగం చివర. మీది పట్టు నేసే వీధి కదా, అలాగే చెబుతాను. పేక పోగులు ఒక చివర నుంచి వేసుకుంటూ రెండో చివరకు వస్తారు. ఏ జానెడు దగ్గర పోగు పలచబడిందో చూస్తే, ఆ పూట మగ్గం దగ్గర ఏదో అలజడి జరిగిందని అనుభవం ఉన్న నేతగాడు చెబుతాడు. ఎవరు పిలిచారో, దీపం ఆరిపోయిందో చెప్పలేడు. ఏ పూటో మాత్రం చెప్పగలడు.

పైన మధ్య పళ్ళలో కనిపించే భాగం బిడ్డ పుట్టేనాటికి ఆరింట అయిదు వంతులు పూర్తయి ఉంటుంది. మిగిలిన వంతు పుట్టాక ఒకటిన్నర నెలలో పూర్తవుతుంది. నాలుగో నెలలో ఏదైనా జరిగితే మచ్చ కొరికే అంచు మీద పడాలి. మీ పాప మచ్చ చిగురు దగ్గర ఉందంటున్నారు. అంటే షుగరు బయటపడిన ఏడో నెల కన్నా, పాప శిశువుల గదిలో సెలైను మీద ఉన్న ఆ రోజులే ఆ చోటికి దగ్గర.

ఆ రోజుల్లో ఏమి జరిగి ఉంటుందో వివరిస్తాను. తల్లి రక్తంలోని గ్లూకోజు మాయను దాటి బిడ్డకు చేరుతుంది. తల్లి ఇన్సులిను దాటదు. వచ్చిన గ్లూకోజును సర్దుకోవడానికి బిడ్డ క్లోమమే ఇన్సులిను ఎక్కువగా తయారు చేస్తుంది. బిడ్డ బరువు పెరగడం అందుకే. డెన్మార్క్ వైద్యుడు యోర్గెన్ పెడర్సన్ ఈ సంగతిని చాలా కాలం కిందటే వివరించాడు. బొడ్డు కోయగానే గ్లూకోజు రావడం ఆగుతుంది, ఇన్సులిను మాత్రం ఇంకా పొంగుతూనే ఉంటుంది. బిడ్డ షుగరు ఢామని పడిపోతుంది. దాంతోపాటు మొదటి మూడు రోజుల్లో ఈ బిడ్డల్లో కొందరికి కాల్షియం కూడా పడిపోతుంది. రక్తంలో కాల్షియాన్ని అదుపులో ఉంచే పారాథైరాయిడ్ గ్రంథి పని అందుకోవడం ఆలస్యం కావడం దానికి కారణం. ఎనామిల్ పోసే కణాలకు కాల్షియమే ముడిసరుకు. నూలు రాని రోజు మగ్గం ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా?

కాబట్టి మీ పెద్దత్తగారి మాటలో కొంత నిజం ఉండే వీలుంది. తేలిందని మాత్రం అనను. తల్లికి మధుమేహం ఉన్న పిల్లల పాలపళ్ళలో ఎనామిల్ లోపాల గురించి స్వీడన్‌లో 1960లలోనే పరిశీలించారు. ఎలుకలకు మధుమేహం తెప్పించి చూసిన ప్రయోగాల్లో వాటి పిల్లల పంటి మొగ్గల్లో కణాల పెరుగుదల మందగించింది. మనుషుల్లో మాత్రం చిక్కు ఉంది. నెలలు నిండకుండా పుట్టడం, బరువు తక్కువ కావడం, తల్లికి డి విటమిను చాలకపోవడం, తీవ్రమైన జ్వరం, వీటిలో ఏదైనా ఇదే మచ్చ వేయగలదు. మచ్చను చూసి ఇది ఫలానా దానిదే అని వేలు పెట్టి చూపించే పరీక్ష లేదు.

సిరొంచ వారికి: ఫ్లోరిన్ ఎక్కువగా పట్టేది శాశ్వత పళ్ళకు. పాలపళ్ళకు వస్తే ఒక చోట గుంటలా కాక, చాలా పళ్ళ మీద రెండు వైపులా ఒకే తీరున తెల్ల గీతలో మరకలో కనిపిస్తాయి. ఈ పాపకు కింది పళ్ళు బాగున్నాయంటున్నారు కాబట్టి నాకు అటు అనుమానం తక్కువ. నీళ్ళ సంగతి అడగడం మాత్రం మంచిదే, నేనూ అడుగుతాను.

జయపురం బాబాయి – మంగళవారం, మధ్యాహ్నం 3:02

డాక్టరమ్మా, ఇంత రాశారు, నేను అడిగిన సీసా గురించి ఒక్క ముక్క లేదు.

పాలపళ్ళ డాక్టరమ్మ – మంగళవారం, సాయంత్రం 6:48

బాబాయి గారూ, మీ ప్రశ్న మంచిది కాబట్టే విడిగా రాద్దామని ఉంచాను. రాత్రంతా సీసాతో పడుకునే పిల్లలకు పుచ్చు మొదలయ్యేది కూడా పైన ముందు పళ్ళకే, అదీ చిగురు దగ్గరే. ముందు సుద్దలాంటి తెల్ల గీత వస్తుంది, తరువాత పసుపు, గోధుమ రంగు, గుంట. కింది ముందు పళ్ళను నాలుక కప్పి ఉంచుతుంది, లాలాజలం తడుపుతూ ఉంటుంది. అందుకని అవి బాగానే ఉంటాయి. అంటే కోడలు గారు రాసిన లక్షణాలు రెండింటికీ సరిపోతాయి.

తేడా తెలియాలంటే ఒకటే దారి. పన్ను మొలిచిన కొత్తలో ఎలా ఉంది? మచ్చతోనే మొలిస్తే అది లోపల తయారైనప్పటిది. తెల్లగా మొలిచి తరువాత మారితే పుచ్చు. కోడలు గారూ, పాత ఫోటోలు ఏమైనా ఉన్నాయా?

మగ్గం వీధి కోడలు – మంగళవారం, రాత్రి 11:20

ఫోనంతా గాలించాను. పోయిన ఏడాది మా ఊరి అమ్మవారి ఠకురాణి యాత్రలో తీసినది ఒకటి దొరికింది. పాప పదకొండో నెల. మా ఆయన భుజం మీద కూర్చుని డప్పుల మోతకు నోరు తెరిచి ఏడుస్తోంది. పై పళ్ళు సగమే బయటికి వచ్చి ఉన్నాయి. పెద్దది చేసి చూస్తే చిగురు మొదట్లో పసుపు గీత ఉంది. గుంట మాత్రం లేదు.

ఇక సీసా సంగతి. దాచిపెట్టి లాభం లేదు. ఏడాది దాటాక నేను మళ్ళీ మగ్గం మీద కూర్చుంటున్నాను. రాత్రి పాప పడుకోవడానికి సీసాలో పాలు, అంగన్‌వాడీలో ఇచ్చిన ఛతువా పిండి, కాస్త పటికబెల్లం కలిపి ఇస్తున్నాం. సీసాతోనే నిద్రపోతుంది. తెల్లవారి తీస్తాం.

అంటే కడుపులో ఉన్నప్పుడు నా షుగరు, బయటికి వచ్చాక సీసాలో చక్కెర. రెండూ నేనే.

వేదిక నిర్వాహకులు – బుధవారం, ఉదయం 7:30

పళ్ళలో పురుగులు వేరుతో బయటికి తీస్తామని ఫోను నంబరు పెట్టిన సందేశాన్ని తొలగించాము. పంటిలో పురుగు ఉండదు. మాత్రల పేర్లు, మోతాదులు కూడా ఇక్కడ రాయవద్దని మనవి.

పాలపళ్ళ డాక్టరమ్మ – బుధవారం, మధ్యాహ్నం 1:40

ఆ ఫోటోతో సగం తేలింది. గీత పాతది. గుంట కొత్తది, గీత మీదనే పడింది. పూత పలచగా ఉన్న చోట నేల మెత్తన. అక్కడ తీపి రాత్రంతా నిలిస్తే నోటిలోని బ్యాక్టీరియా దాన్ని ఆమ్లంగా మారుస్తుంది. గట్టి ఎనామిల్ అయితే ఏడాది రెండేళ్ళు తట్టుకునేది, ఇక్కడ కొన్ని నెలల్లోనే గుంట పడింది. మీరు నిందను పంచుకుంటున్నారు గానీ నాకు పనికొచ్చేది ఇందులో ఒకటుంది. మొదటిదాన్ని ఇప్పుడు ఎవరూ మార్చలేరు. రెండోదాన్ని ఈ రాత్రి నుంచే ఆపవచ్చు.

పడుకునే సీసాలో ఇక నీళ్ళు తప్ప ఏదీ వద్దు. రెండు రాత్రులు ఏడుస్తుంది. మూడో రాత్రి మీరు ఏడుస్తారు. నాలుగో రోజుకు అలవాటవుతుంది. ఛతువా పగలు భోజనంలా చెంచాతో పెట్టండి. పాప పళ్ళను మీరే రెండు పూటలా తోమండి. ఫ్లోరైడ్ ఉన్న పేస్టు బియ్యపు గింజంత చాలు. రాత్రి తోమాక తినడానికి ఏమీ పెట్టకూడదు. పై పెదవిని ఎత్తి చిగురు గీత దగ్గర తోమాలి. చాలామంది తోమేది పంటి కొసను.

తరువాత దంతవైద్యుల దగ్గరికి తీసుకెళ్ళండి. ఇంత చిన్న గుంట అయితే శుభ్రం చేసి పంటి రంగు సిమెంటుతో నింపుతారు, మిగిలిన చోట ఫ్లోరైడ్ వార్నిష్ పూస్తారు. పాప కదలకుండా కూర్చోకపోతే వెండి కలిసిన ఫ్లోరైడ్ మందు అద్దే పద్ధతి కూడా ఉంది. నొప్పి ఉండదు, పుచ్చు ఆగుతుంది. కాకపోతే ఆ చోటు నల్లబడుతుంది. ముందు పన్ను కాబట్టి ముందే అడిగి తెలుసుకోండి. "పాలపన్నే కదా, ఊడిపోతుంది" అన్నవాళ్ళ మాట వినకండి. ఆ పళ్ళు ఊడేది ఆరేడేళ్ళకు.

సిరొంచ గోదావరి – బుధవారం, సాయంత్రం 5:15

మరి శాశ్వత పళ్ళు కూడా ఇలాగే వస్తాయా? తల్లి షుగరు వాటి మీద కూడా పడుతుందా?

పాలపళ్ళ డాక్టరమ్మ – బుధవారం, రాత్రి 8:02

శాశ్వత పళ్ళలో ముందుగా మొదలయ్యేది ఆరేళ్ళకు వచ్చే దవడ పన్ను. దాని కొసలకు ఖనిజం చేరడం పుట్టిన రోజుల్లోనే మొదలవుతుంది. ముందు పళ్ళకు పుట్టాక మూడు నాలుగు నెలలకు. కాబట్టి గర్భంలోని షుగరు ప్రభావం వాటి పూత మీద ఉండే అవకాశం చాలా తక్కువ. అయితే పాలపన్ను వేరు దాకా పుచ్చి చీము పడితే కింద తయారవుతున్న పన్నుకు దెబ్బ తగలవచ్చు.

గుణుపురం మాస్టారు – బుధవారం, రాత్రి 9:10

డాక్టరమ్మ గారు పుట్టిన రోజుల మచ్చ గురించి చెప్పారు కాబట్టి గుర్తొచ్చింది. ఏ జబ్బూ లేని బిడ్డ పాలపంటిలోనూ ఒక గీత ఉంటుంది. మామూలు కంటికి కనిపించదు, పన్నును పలచగా కోసి సూక్ష్మదర్శినిలో చూడాలి. పుట్టిన క్షణం అది. తల్లి కడుపులో నుంచి బయటి గాలిలోకి వచ్చిన ఆ కుదుపుకు ఎనామిల్ కణాలు ఒక్కసారి తడబడి, మళ్ళీ పని అందుకుంటాయి. దాన్ని నవజాత రేఖ అంటారు. పసికందు ప్రాణంతో పుట్టి కొన్నాళ్ళు బతికిందా లేదా అన్నది తేల్చడానికి నేర పరిశోధనలో కూడా ఈ గీతను చూస్తారు. మనందరి మొదటి పుట్టినరోజు ఊడిపోయిన మన పాలపళ్ళలోనే ఉండేది. మనం వాటిని పెంకుల మీదికి విసిరేశాం.

మల్కన్‌గిరి సిస్టరు – గురువారం, ఉదయం 5:50

డ్యూటీకి బయలుదేరే ముందు రాస్తున్నాను. పళ్ళ గురించి నాకు ఎక్కువ తెలియదు, కానీ పైన ఒక తేదీ దగ్గర మనసు ఆగింది. కోడలు గారికి షుగరు పరీక్ష మొదటిసారి ఏడో నెలలో చేశారు. గర్భిణి మొదటిసారి వచ్చినప్పుడే చేయాలని, అప్పుడు బాగుంటే 24 నుంచి 28 వారాల మధ్య మళ్ళీ చేయాలని ప్రభుత్వ మార్గదర్శకాల్లో ఉంది. 2018లో వాటిని మళ్ళీ సవరించారు కూడా. మా వైపు కొండ ఊళ్ళలో మొదటి చూపుకే అయిదో నెల వస్తుంది. సంతకు వచ్చిన రోజు ఆసుపత్రికి కూడా వస్తారు, వేరే రోజు రారు. నడక దూరం అలాంటిది.

ఖాళీ కడుపుతో రావాలని చాలామంది అనుకుంటారు. దాని కోసమే సగం మంది వాయిదా వేస్తారు. ఈ పరీక్షకు అక్కర్లేదు. తిని వచ్చినా చేస్తాం. 75 గ్రాముల గ్లూకోజును సుమారు 300 మిల్లీలీటర్ల నీళ్ళలో కలిపి అయిదు పది నిమిషాల్లో తాగాలి. రెండు గంటలకు రక్తం చూస్తాం. 140 గానీ అంతకు మించి గానీ ఉంటే షుగరు ఉన్నట్టు. తాగిన అరగంట లోపల వాంతి అయితే మరునాడు మళ్ళీ తాగాలి. అరగంట దాటాక అయితే అలాగే కొనసాగిస్తాం. చెన్నైలోని డాక్టర్ వి. శేషయ్య వంటివారు పట్టుబట్టి ఇంత సులువైన పద్ధతిని నిలబెట్టారు. లేకపోతే మా లాంటి చోట మూడుసార్లు రక్తం తీసే పరీక్ష జరిగే పని కాదు.

ఇంకొకటి, అందరూ మరిచిపోయేది. కాన్పు అయిన ఆరు వారాలకు తల్లి మళ్ళీ గ్లూకోజు పరీక్ష చేయించుకోవాలి. బిడ్డ టీకాకు వచ్చే రోజే అది. బిడ్డకు టీకా వేయించి తల్లి వెళ్ళిపోతుంది. కోడలు గారూ, మీరు చేయించుకున్నారా?

మగ్గం వీధి కోడలు – గురువారం, రాత్రి 10:15

లేదు సిస్టరు గారూ. రాసి ఇచ్చారు, కాగితం ఎక్కడో ఉంది.

మరో మాట. ఇంట్లో మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. నెల తప్పింది. లెక్క ప్రకారం ఏడో వారం. అందుకే ఈ ప్రశ్న ఇంత గట్టిగా అడిగాను.

చోడి అంబలి – గురువారం, రాత్రి 10:22

అయ్యో తల్లీ, ముందే చెప్పవచ్చు కదా! శుభం. రేపే వెళ్ళు.

తిండి నేను చెబుతాను. మాత్రలు కాదులెండి నిర్వాహకులు గారూ, తిండే. మన ఒరియా వైపు ఇళ్ళలో గర్భిణికి పొద్దున చద్దన్నం, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం, మధ్యలో అరటిపండు. అన్నం మానక్కర్లేదు, ఒక్కసారే కొండలా పెట్టుకోకూడదు. మూడు పూటల అన్నాన్ని ఆరు చిన్న భాగాలు చెయ్యి. ప్రతిసారీ పప్పో గుడ్డో చేపో పక్కన ఉండాలి. ఒట్టి అన్నం ఎప్పుడూ వద్దు. చోడి (రాగి) అంబలి మంచిదని గ్లాసుల కొద్దీ తాగేస్తారు, నేనూ తాగాను. పలచటి జావ అన్నం కన్నా తొందరగా ఎక్కించింది. సంకటిలా గట్టిగా చేసుకుని కూరతో తిన్నప్పుడు నా అంకెలు బాగున్నాయి. నా ఒంటి సంగతి ఇది, నీది నువ్వు చూసుకో. గర్భిణులకు ఇచ్చే ఛతువాలో గోధుమ, శనగ, వేరుశనగతో పాటు చక్కెర కూడా కలిసి ఉంటుంది. దాని మీద మళ్ళీ బెల్లం వేసుకోకు. తిన్నాక పావుగంట వీధిలో నడువు. మగ్గం గుంటలో కూర్చుంటే నడక అవదు.

మల్కన్‌గిరి సిస్టరు – శుక్రవారం, ఉదయం 5:45

అక్క చెప్పిన కొలతలు బాగున్నాయి. పరీక్షలో తేలితే ముందు రెండు వారాలు తిండీ నడకా, అప్పటికీ తిన్న రెండు గంటలకు 120 దాటుతుంటే మందు. ఇది డాక్టరు గారు చూసి చెప్పవలసిన మాట. 14వ వారం నుంచి కాల్షియం మాత్రలు ఇస్తారు. ఐరన్ మాత్రతో కలిపి వేసుకోకండి, ఒకదాన్ని ఒకటి ఒంటబట్టనివ్వవు.

పాలపళ్ళ డాక్టరమ్మ – శుక్రవారం, మధ్యాహ్నం 12:30

పాపతో వెళ్ళినప్పుడు మీ చిగుళ్ళు కూడా చూపించుకోండి. గర్భంలో చిగుళ్ళు ఉబ్బి రక్తం రావడం మామూలు. షుగరు ఉంటే అది ముదురుతుంది, ముదిరిన చిగుళ్ళ జబ్బు షుగరును అదుపు తప్పిస్తుంది. ఇంకొకటి, మీరు గర్భిణి అని ఎవరు ఏ మందు రాస్తున్నా ముందే చెప్పండి. టెట్రాసైక్లిన్ రకం యాంటీబయాటిక్ మందులు నాలుగో నెల దాటాక వేసుకుంటే బిడ్డ పళ్ళకు శాశ్వతంగా రంగు పడుతుంది.

మగ్గం వీధి కోడలు – మూడు వారాల తరువాత, ఆదివారం, సాయంత్రం 4:05

ఈ చర్చను మరిచిపోలేదు. పాపను చూపించాం. గుంటను సిమెంటుతో నింపారు, మిగిలిన మూడు పళ్ళకూ వార్నిష్ పూశారు. మూడు నెలలకు మళ్ళీ రమ్మన్నారు. సీసా విషయంలో డాక్టరమ్మ గారి లెక్క తప్పింది. పాప అయిదు రాత్రులు ఏడ్చింది, నేను మూడు.

నా పరీక్ష 132 వచ్చింది. దాటలేదు గానీ దగ్గరే ఉంది, జాగ్రత్తగా ఉండమన్నారు.

పెద్దత్తగారికి ఈ చర్చంతా మా ఆయన చదివి వినిపించారు. పటికబెల్లం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు. పటికబెల్లం డబ్బా ఆవిడ తెచ్చిందే. ఇప్పుడు రోజూ పొద్దున పాప పై పెదవి ఎత్తి తోముతున్నది ఆవిడే. నన్ను తోమనివ్వడం లేదు. ఒకటి అడగమన్నారు: ఇంకా రావలసిన వెనక పళ్ళు కూడా ఇలాగే వస్తాయా?

పాలపళ్ళ డాక్టరమ్మ – ఆదివారం, రాత్రి 7:50

ఇక రావలసినవి చివరి దవడ పళ్ళు. పుట్టేనాటికి వాటి కొసలు మాత్రమే తయారై ఉంటాయి, మిగిలిన పూతంతా మొదటి ఏడాదిలోనే పడుతుంది. ఆ రెండు రోజుల దెబ్బ తగిలితే కొసల దగ్గరే ఉండాలి. మొలిచిన రోజే మంచి వెలుతురులో ఫోటో తీసి పెట్టుకోమని చెప్పండి.

జయపురం బాబాయి – ఆదివారం, రాత్రి 8:15

సీసా నేనే చెప్పాను. ఎవరూ మరిచిపోకూడదు. 132 అంటే నాకు తెలియక అడుగుతున్నాను సిస్టరమ్మా, మరి మళ్ళీ ఎప్పుడు చూడాలి? మా చిన్నకోడలికి కూడా నాలుగో నెల.

మల్కన్‌గిరి సిస్టరు – సోమవారం, ఉదయం 5:55

బాబాయి గారూ, మీ కోడలిని ఈ వారమే తీసుకెళ్ళండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేకంగా చూస్తారు, అంతదాకా ఆగాలని మాత్రం లేదు.

మగ్గం వీధి కోడలు గారూ, మీరు 24వ వారం నిండే తేదీ లెక్కవేసి క్యాలెండరులో గీత పెట్టుకోండి. సీమంతానికి ముహూర్తం చూసేవాళ్ళకు కూడా ఆ తేదీ చెప్పండి. పరీక్ష ముందు, చలిమిడి తరువాత.

చోడి అంబలి – సోమవారం, ఉదయం 6:20

చలిమిడి ఒక్క ముద్దే. మిగతాది ఇటు పంపించు.